మూతి గోడవైపు

షూటింగ్ నుంచి పెట్టె రాగానే, సినిమాలకి తుపాకులు అద్దెకిచ్చే తుపాకులక్క చెప్పులైనా విప్పకుండా పిస్తోళ్ళు బల్ల మీద పరిచేది. గుండు లేని ఉత్త తూటాలు శబ్దం చేసి ఊరుకుంటాయని సినిమా చూసేవాళ్ళు అనుకుంటారు గానీ, అవి గొట్టంలో వదిలే మసి అంతా ఇంతా కాదు. తుడవకపోతే ఇనుమును తినేస్తుంది. అందుకని గొట్టానికి బ్రష్షు, కీళ్ళకి నూనె, పిడికి పొడిగుడ్డ. తమ్ముడు ఒక్కొక్కటీ విప్పి ఇస్తే ఆమె తుడిచేది. తండ్రి పోయినప్పటి నుంచీ ఆ షెడ్డులో సాయంత్రాలు ఇలాగే గడుస్తున్నాయి.

యుద్ధం సినిమా ఎవరు తీసినా జర్మన్ అధికారి చేతిలో ఉండేది ఈ షెడ్డులోని పాత పిస్తోలే. సన్నటి గొట్టం, వాలుగా ఉండే పిడి, పేలినప్పుడల్లా పైన మోకాలిలా మడుచుకుని లేచే కీలు. నటులు మారారు, మీసాలు మారాయి, పిస్తోలు మాత్రం అదే. ఒక సినిమాలో దాని దెబ్బకి చచ్చినవాడే ఇంకో సినిమాలో దాన్ని పట్టుకుని విర్రవీగేవాడు.

దానికొక గుణం ఉంది. దగ్గర్లో ఎవరైనా తమను నమ్మినవాళ్ళని మోసం చేస్తుంటే, బల్ల మీదున్న పిస్తోలు మూతి మెల్లగా అటు తిరిగేది. నటనలో ఆడే అబద్ధాలని పట్టించుకునేది కాదు. ఈ సంగతి స్టూడియోలో అందరికీ తెలుసు. జీతాల మాట వచ్చినప్పుడల్లా నిర్మాత, "ముందు దాన్ని పెట్టెలో పెట్టించండమ్మా" అనేవాడు. ప్రేమలో ఉన్న మేకప్ అమ్మాయిలు మాత్రం ఒక్కసారి బయటికి తియ్యమని అక్క గడ్డం పట్టుకుని బతిమాలేవారు.

తండ్రి పెట్టిన నియమం ఒక్కటే. ఖాళీదైనా సరే, పిస్తోలు మూతి మనిషి వైపు ఉండకూడదు, గోడవైపు ఉండాలి. తమ్ముడికి ఆమె వేళ్ళ మీద కొట్టి మరీ నేర్పింది ఇదే. ఆ అలవాటు ఎంత ముదిరిందంటే, అన్నం తినేటప్పుడు చెంచా కూడా గోడవైపు తిప్పి పెట్టేది.

ఆ రోజు తమ్ముడు గొట్టంలో బ్రష్షు తిప్పుతూ, "తుపాకుల లైసెన్సు నా పేరుకి మార్చెయ్యక్కా. ఆఫీసుల చుట్టూ నువ్వెందుకు తిరగడం? నీ మోకాళ్ళు చూడు ఎలా వాచాయో" అన్నాడు.

కడుపులో పాలు పోసినట్టయింది ఆమెకి. వీడికి నా మీద ఎంత ప్రేమ అనుకుంది. "అలాగేరా, రేపే వెళ్దాం" అంది.

పాత పిస్తోలు తుడిచి పక్కన పెట్టింది. అది కదిలింది. ఆమె చూడకుండానే గోడవైపు తిప్పింది. మళ్ళీ కదిలింది. మళ్ళీ తిప్పింది. మూడోసారి ఆమె రెండు చేతులూ నూనెలో ఉన్నాయి. అప్పుడు తమ్ముడి చెయ్యి వచ్చింది. మాట ఆపకుండా, అటు చూడకుండా, ఒక్క వేలితో మూతిని గోడవైపు తోసి వెనక్కి వెళ్ళిపోయింది.

ఆమె నూనెలోంచి చేతులు తీసి ఆ వేలినే చూసింది. అది ఇవాళ కొత్తగా తోసిన వేలు కాదు. ఇన్నాళ్ళూ పిస్తోలు చెబుతూనే ఉంది. నియమం నియమం అంటూ తనే దాని నోరు మూయించింది.

"ఎన్నాళ్ళ నుంచి తిప్పుతున్నావురా?"

తమ్ముడు బ్రష్షు కింద పెట్టాడు. "ఒక పెద్దాయనకి మాటిచ్చానక్కా. ఆయన పాత తుపాకులు సేకరిస్తాడు. లైసెన్సు నా పేరుకి రాగానే అన్నీ ఆయనవి. గొట్టాలు పూడ్చి, అద్దాల పెట్టెల్లో పెట్టుకుంటాడు."

"మరి నేను?"

"ఈ రోజుల్లో నిజం పిస్తోళ్ళు ఎవరికి కావాలక్కా? రబ్బరువి పట్టుకుని, మంట కంప్యూటర్లో పెడుతున్నారు. నీకు చెప్తే ఒప్పుకోవని..."

"ఒప్పుకోనని తెలిసి మోకాళ్ళ మీద ప్రేమ ఒలకబోశావా?"

అతను బావురుమన్నాడు. మాట తప్పితే తలెత్తుకోలేనన్నాడు, ఈ ఒక్కసారికి కాదనకు అన్నాడు. చిన్నప్పుడు వేళ్ళ మీద కొడితే ఏడ్చిన ఏడుపే అది. ఆమెకి జాలి వేసింది. జాలి వేసినందుకు తన మీదే అసహ్యం కూడా వేసింది. తండ్రి పని, తన బతుకు, అన్నీ ఎవరి గోడకో అలంకారంగా ఇచ్చేసినవాడు ఎదురుగా కూర్చుని ముక్కు చీదుకుంటున్నాడు. పొద్దున్నే ఒక్కతే ఆఫీసుకెళ్ళి, వీడి పేరు ఈ షెడ్డు దరిదాపుల్లో లేకుండా చెయ్యాలని ఆ క్షణమే నిశ్చయించుకుంది.

"ఊరుకో. ఏడవకు" అంది మెత్తగా. "రేపు మధ్యాహ్నం ఇద్దరం వెళ్దాం. నీ పేరుకే మార్పిస్తాను."

బల్ల మీద పిస్తోలు కదిలింది. తమ్ముడు ఉలిక్కిపడి కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు. కానీ అతని దగ్గర దాచడానికి ఇంకేమీ మిగల్లేదు. మూతి అతన్ని దాటి, నూనెగుడ్డ మీదుగా వచ్చి, అక్క గుండెకి ఎదురుగా ఆగింది.

ఇద్దరూ దాన్నే చూశారు. ఎవరూ చెయ్యి చాపలేదు.

తమ్ముడు కళ్ళు తుడుచుకుని లేచాడు. చెప్పులు వేసుకున్నాడు. గుమ్మం దాటేటప్పుడు ఎప్పుడూ "వస్తానక్కా" అనేవాడు.

"వెళ్తున్నా" అన్నాడు.