తెగిన పట్టీలు

కూలిన బడి గోడ కింది నుంచి ఊడ్చే ఆమెను ఇంకా బయటికి తియ్యనే లేదు, చమురు కంపెనీ ఇంజనీరు తీర్పు చెప్పేశాడు.

"భూమి కదలడం ప్రకృతి. గోడ కూలడం మేస్త్రి పనితనం."

ఆ గోడ కట్టిన తాపీమేస్త్రి రాళ్లు తొలగిస్తున్నవాడల్లా తలెత్తి చూశాడు. మళ్లీ రాళ్ల మీదికి వంగాడు. అతని పేరు మీద అప్పుడే కేసు రాస్తున్నారు.

చమురు తీశాక మిగిలిన మురికి ఉప్పునీళ్లను కంపెనీ ట్యాంకర్లలో తెచ్చి, ఊరి పక్కన లోతు బోరులోకి పంపుతో తోస్తోంది. బోరు వెయ్యక ముందు ఆ ఊళ్లో ముసలివాళ్లకి కూడా భూమి కదిలిన గుర్తు లేదు.

పగులుకు అడ్డంగా పల్చటి ప్లాస్టరు పట్టీ వేసి తారీఖు గీకడం మేస్త్రుల అలవాటు. గోడ కదిలితే పట్టీ తెగుతుంది. ఈ మేస్త్రి ఊరంతా వేశాడు. పది రోజుల్లో బోరు పక్క వీధిలో ముప్ఫైకి ఇరవై రెండు తెగాయి. దూరపు పేటలో ఒక్కటీ తెగలేదు.

"ట్యాంకర్లు ఆపండిరా, చూద్దాం" అన్నాడు మేస్త్రి, కూలీల సంఘం షెడ్డులో. అతని బావమరిది ట్యాంకరు డ్రైవరు. డ్రైవర్లందరూ బళ్లు నిలిపేశారు. పంపు మూగబోయింది.

నాలుగో రోజు మధ్యాహ్నం భూమి మళ్లీ కదిలింది.

ఇంజనీరు మైకు పట్టుకుని వచ్చాడు. "పంపు ఆగింది. మరి భూమి ఆగిందా?"

షెడ్డు భగ్గుమంది. బడి గోడ కింద చచ్చిపోయినామె చెల్లెలు మేస్త్రి బావమరిది చొక్కా పట్టుకుంది. "దొంగచాటుగా తోలుతున్నావా? ఎవడి తిండి తింటున్నావురా నువ్వు?"

"నా పిల్లల మీద ఒట్టు, వదినా! బండి తాళాలు నీ కొంగునే కట్టుకో. బావా, నువ్వైనా చెప్పు!"

మేస్త్రికీ లోపల అనుమానం పురుగులా తొలిచింది. బావమరిది ముఖం వంక చాలాసేపు చూశాడు. తర్వాత బోరు దగ్గరికి నడిచి పంపు మీద చెయ్యి పెట్టాడు. చల్లగా ఉంది. గొట్టం మూత మీద నాలుగు రోజుల దుమ్ము.

తిరిగొచ్చి నానిన ఇటుక ఒకటి అందరి మధ్యా పెట్టాడు.

"నీళ్లు పొయ్యడం ఆపగానే ఇది ఆరుద్దా? ఏళ్ల తరబడి కింద కుక్కిన నీళ్లు ఒక్కరోజులో సర్దుకుంటాయా? ఆపిన రోజే ఆగుద్దనుకోవడం మన తప్పు. ఆ ఇంజనీరు ఆ తప్పునే పట్టుకున్నాడు."

"ఎన్నాళ్లు ఆగాలన్నా?" చెల్లెలు చొక్కా వదిలింది.

"నాకు తెలీదమ్మా. పట్టీలు చెప్తాయి."

ఆగారు. పొయ్యిలు అంతంత మాత్రంగా వెలిగాయి. ఒకళ్ల మీద ఒకళ్లు విసుక్కున్నారు, కానీ తాళాలు మాత్రం చెల్లెలి కొంగునే ఉన్నాయి. తెగినచోటల్లా మేస్త్రి కొత్త పట్టీ వేశాడు. మొదటి వారం పదకొండు తెగాయి. పై వారం నాలుగు. ఆ పైన రెండు వారాలూ ఒక్కొక్కటే. అయిదో వారం ఒక్కటీ లేదు.

"కాకతాళీయం" అన్నాడు ఇంజనీరు గేటు లోపలి నుంచి.

"అయితే మీకేం నష్టం? ఆపే ఉంచండి!" అంది చెల్లెలు. జనం గొల్లుమన్నారు.

ఆ నవ్వు ఆగకముందే పోలీసు జీపు వచ్చింది, బడి గోడ కేసని. పోలీసులు మేస్త్రి చేతిలోని తాపీ లాక్కోబోతే, అతడు దాన్ని చెల్లెలి చేతిలో పెట్టాడు.

"తడి ఎక్కువ చెయ్యకమ్మా, పట్టీ నిలవదు."

మేస్త్రిని ఎక్కించుకుని జీపు కదిలేసరికి డ్రైవర్లు ట్యాంకర్లను గేటుకు అడ్డంగా పెట్టారు. కంపెనీ ప్రహరీకి ఒక పగులు ఉంది. చెల్లెలు దాని మీద వంకరగా ఒక పట్టీ వేసి, గోటితో ఆ రోజు తారీఖు గీకింది. వెనక రెండొందల మంది నిలబడి, అది ఆరేదాకా కదల్లేదు.