మోరాగ్ నిద్రపోయే గాజు గది

అక్టోబరు చివర్లో సముద్రం మీది గాలి చెవులు కోయడం మొదలుపెట్టగానే మోరాగ్ తన గాజు గదిలో తీగల్ని కత్తిరించేది. రాఖీ పూల తీగ, జాజి, కాగితం పూల తీగ. మన వైపు ఎవరూ పట్టించుకోకపోయినా గోడలెక్కి కూర్చునే రకాలే గానీ, స్కాట్లండ్‌లోని ఆ చేపల రేవులో మాత్రం చంటిపిల్లల కన్నా సుకుమారం. గాజుకి లోపలి వైపు గోనెపట్టాలు కట్టి, మూల కిరోసిన్ హీటరు సన్నగా వెలిగించి, కుండీల మధ్య బల్ల మీద పడుకునేది. తీగలతో పాటే నిద్రపోయేది. మళ్ళీ లేవడం మే నెలలోనే.

"మోరాగ్ లోపలికెళ్ళిందట," అనుకుని వీధిలోవాళ్ళు బొగ్గులు తెప్పించుకునేవారు. హీటరు చూసుకునే పని వంతులవారీగా పంచుకునేవారు. పక్కింటి జెస్సీ ఎవరి వంతు వచ్చినా అదే పాఠం అప్పజెప్పేది. "గడ్డకట్టకుండా చూస్తే చాలు, వెచ్చబెట్టకండి. మట్టి పొడిపొడిగా ఉంటేనే గుక్కెడు నీళ్ళు పొయ్యండి. ముద్దు ఎక్కువై నా జెరేనియం మొక్కని నా చేతులతోనే చంపుకున్నాను."

ఆ ఏడు ఫిబ్రవరి వంతు ఫెర్గస్‌ది. ఇంటింటికీ రొట్టెల బండి తోలే మనిషి. మోరాగ్ అంటే ప్రాణం. కానీ సగం ఏడాదే మెలకువగా ఉండే మనిషితో ఏం మాట్లాడతాడు? తడబడి, నసిగి, పెళ్ళి మాట ఎత్తుదామనుకునేసరికి ఏటా అక్టోబరు వచ్చి పడేది.

ఈసారి ఆగలేకపోయాడు. హీటరు వత్తి పెంచాడు. గోనెపట్టాలు పక్కకి లాగాడు. గోరువెచ్చని నీళ్ళు కుండీల నిండా పోశాడు.

వారం తిరక్కుండానే తీగలు చిగుళ్ళేశాయి. ఆకుపచ్చ రంగే లేదు వాటికి, పాలిపోయి దారాల్లా సాగాయి. మోరాగ్ కళ్ళు తెరిచింది. ఆమె కూడా అలాగే పాలిపోయి ఉంది.

"మే వచ్చేసిందా?"

"ఇంకా లేదు. నేనే లేపాను. నన్ను పెళ్ళి చేసుకుంటావా?"

మోరాగ్ పీల గొంతుతో పకపకా నవ్వింది. "ఇందుకా లేపావు, తిక్కలోడా! సరే, చేసుకుంటా."

ఆ నాలుగు రోజులూ ఫెర్గస్ కాళ్ళు నేల మీద లేవు. బండి తోలుతూ ఈల వేశాడు, కొననివాళ్ళకి కూడా బన్నులు పంచాడు. ఐదో రోజు సాయంత్రం రేడియోలో గట్టి చలి గాలి వస్తోందని చెప్పారు. జెస్సీ శాలువా కప్పుకుని పరుగున వచ్చి, చిగుళ్ళు చూసి నెత్తి కొట్టుకుంది.

"ఎంత పని చేశావురా! లేత చిగురు దొరికిందంటే చలి దాన్ని పట్టుకుని వేరుదాకా దిగుతుంది. తీగా పోతుంది, పిల్లా పోతుంది. ఇప్పుడే కోసెయ్. మళ్ళీ పడుకుంటే బతుకుతుంది."

"మరి ఈ నాలుగు రోజుల మాటలు, జెస్సీ ఆంటీ?"

"చిగుళ్ళతో పాటే పోతాయి. ఆమెకేమీ గుర్తుండదు."

మోరాగ్ పెదాలు అప్పటికే నీలంగా మారాయి. "చలేస్తోంది, ఫెర్గస్," అంది.

అతను కత్తెర తీసుకున్నాడు. ఒక్కో చిగురూ కణుపుకి కాస్త పైన, మోరాగ్ కోసినట్టే కోశాడు. కళ్ళకి నీళ్ళు అడ్డం పడితే మోచేత్తో తుడుచుకుంటూ కోశాడు. ఆఖరి కొమ్మ రాలేసరికి ఆమె బల్ల మీద వాలి నిద్రపోయింది. ముఖంలోకి మెల్లగా రంగు వచ్చింది. ఫెర్గస్ వత్తి తగ్గించి, పట్టాలు మళ్ళీ కట్టి, ఇంటికి పోయాడు.

మే నెలలో మోరాగ్ రొట్టెల బండి దగ్గరికి వచ్చింది. ఎప్పటిలాగే, వెనక్కాల జెస్సీ.

"ఒక రొట్టె ఇవ్వు. నా తీగలు ఎవరు కత్తిరించారో గానీ చక్కగా చేశారు. కోసిన చోటల్లా రెండేసి కొమ్మలొచ్చాయి."

ఫెర్గస్ తల వంచుకుని రొట్టె కాగితంలో చుట్టాడు. మోరాగ్ అందుకుంది గానీ కదల్లేదు.

"ఫెర్గస్, నీకో మాట చెప్పాలి. లేచిన దగ్గర్నుంచీ నాలుక చివర ఆడుతోంది."

"ఏం మాట?"

"సరే అని. దేనికో తెలీదు. రెండుసార్లు చెప్పాలనిపిస్తోంది. సరే. సరే."

ఫెర్గస్ ఇంకో రొట్టె తీసి కాగితంలో చుట్టసాగాడు. జెస్సీ బండి చుట్టి వచ్చి బుట్టతో అతని వీపు మీద ఒక్కటేసింది.

"ఇంకా ఏం చూస్తావురా, మళ్ళీ అక్టోబరు రావాలా? అడుగు!"