పక్క సీటులో బరువు

కారు పరీక్షలకు వేసుకెళ్ళిన దుస్తులు నానబెట్టినప్పుడల్లా బకెట్లోంచి కాలిన వాసన వస్తోంది. "క్లచ్ వాసనలే" అన్నారు మా వారు. క్లచ్ వాసన నాకు తెలుసు. ఇది అది కాదు.

మా వారిది ర్యాలీ కార్ల షెడ్డు. మామూలు కారును విప్పి, లోపల ఇనుప చట్రం బిగించి, మట్టిదారి పందేలకు పనికొచ్చేలా తయారుచేసి అమ్ముతారు. ఇప్పుడు కొత్త మోడల్ సిద్ధమవుతోంది. పందెంలో డ్రైవరు పక్కన రాబోయే మలుపులను కాగితం చూసి చదివి చెప్పే మనిషి ఉంటారు కనుక పరీక్షల్లోనూ ఆ సీటులో బరువుండాలి. మిగతావాళ్ళు ఇసుక మూటలు కడతారు. మా ఇంట్లో నేనున్నాను. వంట ముగించి, హెల్మెట్ పెట్టుకుని, రాళ్ళదారిలో ఎముకలు కదిలేలా ఎగిరెగిరి పడి, తిరిగివచ్చి అంట్లు తోముతాను. "కూర్చోవడం కూడా ఒక పనేనా అమ్మాయ్? షికారు తిరిగొచ్చి నడుం నొప్పంటావు" అంటారు అత్తయ్య. మా వారు స్నేహితులకు నన్ను "మాట్లాడే ఇసుక మూట" అని పరిచయం చేస్తారు. అందరూ నవ్వుతారు. ఆ మూటకు కళ్ళున్నాయన్న సంగతి ఎవరికీ తట్టదు.

కొండ వాలు దిగుతున్నప్పుడు ఆయన పాదం కింద బ్రేకు పెడల్ మెత్తబడి అడుగుదాకా పోవడం నేను చూశాను. బకెట్లోంచి వచ్చే ఆ వాసనే అప్పుడు కారంతా నిండింది. గేర్లు మార్చి, చేతి బ్రేకు లాగి, ఎలాగో ఆపారు. ఏమైందని అడిగితే, "నీ మొహం. నీకు భయం, అంతే" అన్నారు. మర్నాడు షెడ్డులో మెకానిక్‌ని అడిగాను. "సార్‌ని అడగండమ్మా" అని చక్రం వెనక తల దాచుకున్నాడు. ఆ తరవాత మేము ఆ వాలు వైపు వెళ్ళనేలేదు. లోపం సరిచేసి ఉంటే మళ్ళీ దిగి చూడరా? సరిచేయకపోతే అమ్మకానికి కార్లకు రంగులెందుకు వేయిస్తున్నారు?

ఈ ఉదయం మొదటి కారు తీసుకువెళ్ళడానికి ఒక యువకుడు వచ్చాడు. పందెంలో అతని పక్కన కూర్చోబోయే చెల్లెలు కూడా వచ్చింది. మా వారు అతని చేతికి తాళం ఇచ్చి, షెడ్డు ముందున్న చదునైన దారి చూపించారు.

"వాలు మీద బ్రేకులు ఎలా ఉంటాయి సార్?" అని అడిగింది ఆ అమ్మాయి.

"మా ఆవిణ్ణే పక్కన కూర్చోబెట్టుకుని పరీక్షించానమ్మా. అంతకన్నా గ్యారంటీ ఏం కావాలి? కావాలంటే ఇప్పుడూ కూర్చుంటుంది" అంటూ హెల్మెట్ తీసి నా చేతిలో పెట్టారు.

ఇన్నాళ్ళూ నన్ను బరువుగా మాత్రమే వాడుకుంటున్నారనుకున్నాను. ఇప్పుడు గ్యారంటీగానూ వాడుకుంటున్నారు. రేపు ఆ అమ్మాయికి ఏమైనా అయితే, ఆమెను ఆ సీటులో కూర్చోబెట్టింది నా మౌనమే అవుతుంది.

ఆ హెల్మెట్ తీసుకువెళ్ళి, షెడ్డు గుమ్మం పక్కన కుర్చీలో కూర్చున్న అత్తయ్య ఒడిలో పెట్టాను.

"ఈ రోజు అత్తయ్యను తీసుకెళ్ళండి. కొండ వాలు మీదుగా వెళ్ళి రండి. కూర్చోవడమేగా" అన్నాను.

"దానికేం, వాడి కారులో నాకేం భయం" అంటూ ఆవిడ కళ్ళజోడు సర్దుకుని లేచారు.

ఆలోచించుకునే వ్యవధి మా వారికి లేకపోయింది. ఒక్క అంగలో వచ్చి ఆవిడ భుజం పట్టుకున్నారు.

"వద్దమ్మా. నువ్వెక్కకు."

ఆ అమ్మాయి తన అన్నయ్య చేతిలోంచి తాళం తీసుకుని, కారు బానెట్ మీద పెట్టింది.