బూట్ల అక్షరాలు

నా తోడికోడలు అక్షరాలు బాగా వేస్తుంది. ఈ మాట పైకి అనడానికి నాకు రెండేళ్ళు పట్టింది కాబట్టి ముందే చెప్పేస్తున్నాను.

మాది బోర్డులు రాసే ఇల్లు. షాపు మామయ్యది. ఆయనకు పేరు తెచ్చిపెట్టింది ఒకే రకం అక్షరాలు. నిలువు గీతలు తలుపు చెక్కల్లా లావుగా ఉంటాయి, ప్రతి గీతకూ పైనా కిందా ఇటుక పెట్టినట్టు చదరపు దిమ్మ ఉంటుంది. మేం వాటిని బూట్ల అక్షరాలంటాం. రోడ్డుకు అవతలి నుంచి కళ్ళజోడు లేకుండా చదవొచ్చు. ఇనుప సామాన్ల కొట్టుకు, లారీ షెడ్డుకు, జిమ్ముకు, తగ్గింపు ధరల బ్యానర్లకు అవే కావాలంటారు. పళ్ళ డాక్టరుకు మాత్రం మామయ్య వేయనివ్వరు. పేషెంట్లు మెట్ల దగ్గర నుంచే తిరిగి వెళ్ళిపోతారట.

నేను పదకొండేళ్ళుగా ఆ అక్షరాలే వేస్తున్నాను. చేరిన కొన్ని నెలలకే మామయ్య నాకో స్టీలు స్కేలు ఇచ్చారు. ఆ రోజు నుంచి నా గీత వెంట్రుకవాసి తేడా రాలేదు. నిలువు గీత ఎంత లావుంటే దిమ్మా అంతే లావు. ఒక్క జిమ్ము ఓనరు మాత్రం, "అక్షరాలకి కాళ్ళు వాచినట్టున్నాయేంటమ్మా?" అన్నాడు. వాడి కళ్ళే వాచాయనుకుని ఊరుకున్నాను.

రెండున్నరేళ్ళ కిందట మరిది పెళ్ళయింది. చిన్నది ఊరికే కూర్చోలేక షాపుకొచ్చి, ఆర్నెల్లకే బ్రష్షు పట్టింది. పైనో దారం, కిందో దారం కట్టుకుని, మిగతాదంతా కంటి కొలతే. నాలుక చివర బయటపెట్టి గీస్తుంది. దారిన పోయేవాళ్ళు ఆగి మరీ చూస్తారు. నా బోర్డుల ముందు ఎవరూ ఆగిన పాపాన పోలేదు. ఒకసారి మా ఆయన, "చిన్నమ్మాయి చెయ్యి భలే తిరిగింది" అన్నాడు. రెండు రోజులు ఆయనతో మాట మానేశాను. ఎందుకో ఆయనకు ఇప్పటికీ తెలియదు.

ఇంతలో కూరగాయల మార్కెట్ గేటు బోర్డు పని వచ్చింది. ఊళ్ళో సగం మంది రోజూ దాని కిందుగానే నడుస్తారు. అప్పటికే వయసు మీదపడి మామయ్య చెయ్యి వణకడం మొదలైంది. "ఇద్దరూ తలో కాగితం మీద అసలు సైజులో గీయండి. శనివారం చూస్తాను. ఎవరిది నచ్చితే గేటు వాళ్ళది, నా పెద్ద బ్రష్షూ వాళ్ళదే" అన్నారు. అంటే ఆయన తర్వాత బూట్ల అక్షరాలు ఎవరి పేరు మీద నిలుస్తాయో తేలిపోతుందన్నమాట.

శుక్రవారం మధ్యాహ్నం చిన్నది భోజనానికి వెళ్ళింది. దాని కాగితం గోడ మీదే ఉంది. దగ్గరికెళ్ళి చూశాను. అక్షరాలు నేలలో పాతుకుపోయినట్టు నిలబడ్డాయి. ఎక్కడో ఒక తప్పు ఉండకపోతుందా అని స్కేలు తీశాను.

దొరికింది. నిలువు గీత నాలుగంగుళాలు, దిమ్మ మూడున్నర. ఒక్కటి కాదు, అన్ని దిమ్మలూ అంతే. ఆ పూట నేను రెండోసారి వడ్డించుకుని తిన్నాను.

శనివారం అందరి ముందూ స్కేలు మామయ్య చేతిలో పెట్టాను. "చిన్నదాని దిమ్మలు ఒకసారి కొలవండి మామయ్యా."

ఆయన కొలిచారు. మళ్ళీ కొలిచారు. తర్వాత చిన్నదాని వైపు తిరిగి, "ఈ కిటుకు నీకెవరు చెప్పారమ్మా?" అన్నారు.

"ఏ కిటుకు మామయ్యా?"

"పడుకున్న గీత నిలబడ్డ గీత కంటే లావుగా కనిపిస్తుంది. అందుకే దిమ్మ కాస్త పలచన చెయ్యాలి, అప్పుడే కంటికి సమానంగా ఉంటుంది. లేకపోతే కాళ్ళు వాచినట్టుంటుంది."

నాకు తల కొట్టేసినట్టయింది. "మరి నాకెందుకు చెప్పలేదు?" అన్నాను.

"మొదట్లో నువ్వూ ఇలాగే వేసేదానివిగా. తర్వాత మానేశావు. నీకు అలాగే ఇష్టమేమో అనుకున్నాను" అన్నారాయన.

"నాకెవరూ చెప్పలేదండి" అంది చిన్నది, నా ముఖం చూసి భయపడుతూ. "మా పుట్టింటి సందు చివర తాళాల షాపు బోర్డుంది. కాలేజీ బస్సు కోసం నిలబడి రోజూ దాన్నే చూసేదాన్ని. అలా అలవాటైపోయింది. మీరు రాసిందేనటగా అక్కా."

గేటు చిన్నదానికి వెళ్ళింది, బ్రష్షుతో సహా. వెళ్ళాలి కూడా. నేను స్కేలు సంచిలో వేసుకుని తాళాల షాపుకు నడిచాను. నేను బ్రష్షు పట్టిన మొదటి నెల రాసిన బోర్డది, చేతికి స్కేలు రాకముందు. రంగు పెచ్చులూడుతోంది. స్టూలు అడిగి ఎక్కి కొలిచాను. నిలువు గీత రెండంగుళాలు, దిమ్మ పావంగుళం తక్కువ. అన్నీ అంతే.

రెండేళ్ళు చిన్నదాన్ని చూసి ఏడ్చాను గానీ, అది ఏపాటి ఏడుపు? ఆ స్టూలు మీద నిలబడి, ఏ స్కేలూ లేకుండా ఇంత ధీమాగా గీసిన పదకొండేళ్ళ కిందటి ఆ పిల్లను తలుచుకుంటే ఒళ్ళంతా మండిపోయింది.

"పాత ఓనరు రాయించాడమ్మా" అన్నాడు తాళాలాయన కింద నుంచి. "మంచి చెయ్యి. ఎవరిదో తెలుసా మీకు?"

"తెలియదండి" అన్నాను.