గాలి వైపు నిలబడి

పదకొండు కాకముందే తోకుజి నల్లబట్టల్లో ఉడికిపోతున్నాడు. ముఖానికి నల్లముసుగు, చేతులకు నల్ల తొడుగులు, మోకాళ్ల కింద వేదిక పెనంలా కాలుతోంది. ఒసాకా ప్రపంచ ప్రదర్శన మైదానాన్ని ఆగస్టు ఎండ కొస నుంచి కొస దాకా వేయించేస్తోంది. వేదిక ముందు నుంచి, అమెరికావాళ్లు చంద్రుడి మీంచి తెచ్చిన రాయిని చూడ్డానికి కట్టిన వరుస మెలికలు తిరుగుతూ పోయింది. నాలుగు గంటల వరుస. నోరు లేని రాయి కోసం నాలుగు గంటలు నిలబడతారు, నోరే బతుకైన తన కోసం నాలుగు నిమిషాలు లేవట!

ముప్పై ఏళ్లు జనాన్ని నవ్వించిన మనిషి రాయిని చూసి కుళ్లుకుంటున్నాడు. రాయి అయితే ఎంతో నయం, ఎదురుపడి నమస్కారం పెట్టదు. అతని జోడీ మినాయో పెడుతుంది.

మినాయో వేదిక మధ్యన నిలబడి, తెరిచిన కాగితం గొడుగు మీద బంతిని పరుగెత్తిస్తోంది. వరుసలోవాళ్లు చప్పట్లు కొట్టారు. కెమెరాలు టకటకలాడాయి. గొడుగు ఆమెది, గోడు తోకుజిది.

పదేళ్లుగా వాళ్లిద్దరూ జోడీ. ఒకే గురువు శిష్యులు. ఆమెకు గొడుగు పట్టుకోవడం నేర్పింది తోకుజే. ఆమె చేతులతో ఆడుతుంది, అతను నోటితో, నవ్వించే మాటలతో ఆడతాడు. చేతికెంతో నోటికీ అంతే అన్నది గురువు పెట్టిన కట్టుబాటు. రోజుకు అయిదు వేల యెన్లొస్తే సగం సగం. పోయిన సోమవారం, ఈ వేదికను గుత్తకు తీసుకున్న కురమోచి ఆ కట్టుబాటును కట్టగట్టి అవతల పారేశాడు.

"మాటలెందుకయ్యా? సగం మందికి మన భాష రాదు, మిగతా సగం మందికి ఓపిక లేదు. మైకులో సంగీతం పెట్టిస్తా. నువ్వు జనం కంట పడకుండా నల్లబట్టలు, ముసుగు వేసుకుని వెనక కూర్చుని ఆవిడకి సామాన్లందించు. నోరు మాత్రం తెరవకు."

మినాయోకి మూడు వేల ఎనిమిది వందలు, తోకుజికి పన్నెండు వందలు. పేరులో ఉన్న తోక ఇన్నాళ్లకు ఉద్యోగంలో కూడా తగులుకుంది. దానికి తోడు నిన్నటి పేపర్లో మినాయో బొమ్మ పడింది. పక్కనే ఉన్న తోకుజిది మోచేయి ఒక్కటే పడింది.

పొద్దున ఆట మొదలవక ముందు ఆమె చల్లటి టీ తెచ్చిచ్చింది.

"అన్నా, కురమోచిగారికి మళ్లీ చెప్పి చూశా. వినిపించుకోవట్లేదు."

"చెప్పే ఉంటావులే! మూడు వేల ఎనిమిది వందలు నోట్లో కుక్కుకుని చెబితే మాట స్పష్టంగా పలికుండదు."

మినాయో ముఖం చిన్నబోయింది. అయినా కదల్లేదు.

"తిట్టు, పడతా. గిన్నెల ఆటప్పుడు గాలి లేస్తే మాత్రం ఒక్క దగ్గు దగ్గన్నా. ఏ పక్క నుంచి దగ్గితే ఆ పక్కకి కాచుకుంటా."

"ఆయన దగ్గుకి రేటు కట్టలేదమ్మా," అన్నాడు తోకుజి.

గిన్నెల ఆటంటే గడ్డం మీద నిలబెట్టిన కర్ర, దాని కొనన అయిదు అంతస్తులుగా చెక్కపలకలూ పింగాణీ గిన్నెలూ. ఆమె చూపు పై గిన్నెకు అతుక్కుపోయి ఉంటుంది. చుట్టూ ఏమవుతోందో కనపడదు. అందుకే గురువు తోకుజికి హాస్యం నేర్పకముందు జెండాలు చూడ్డం నేర్పాడు. గాలి ఏ పక్క లేస్తే ఆ పక్కకు తాపీగా నడిచి, అక్కణ్నుంచి మాట్లాడాలి. మాటలవాడికి కాలు నిలవదని జనం నవ్వుకుంటారు. ఆ గొంతు ఏ దిక్కు నుంచి వినిపిస్తే ఆమె కర్రను అటు వంచుతుంది. చేతికీ నోటికీ సమానం అన్నది అందుకే.

ఇది కురమోచికి తెలీదు. తోకుజి చెప్పనూ లేదు. చెబితే కూలి నిలబడేదేమో! కానీ తన ముప్పై ఏళ్ల హాస్యం గాలి కబురేనని సొంత నోటితో ఎలా ఒప్పుకోవడం?

కర్ర అందించాడు. పలకలు అందించాడు. ఒక్కొక్క గిన్నే పైకెక్కింది. అయిదోది నిలబడగానే వరుస వరుసంతా ఊపిరి బిగబట్టింది.

అప్పుడు కుడివైపు జెండాలు లేచాయి.

తోకుజి చూశాడు. ముందు చివరి జెండా, తర్వాత దాని పక్కది, ఆ పక్కది. దగ్గు గొంతు దాకా వచ్చింది. ఆ క్షణాన అతని కళ్ల ముందు పేపర్లోని మోచేయి మెదిలింది. గుటక వేశాడు.

గిన్నెలు పడ్డాయి. నాలుగు నేల మీద పగిలాయి. అయిదోది ఆమె కనుబొమ మీద పగిలింది.

వేదిక వెనక, మెట్టు మీద కూర్చుని మినాయో నుదుటికి గుడ్డ అదుముకుంది. గుడ్డ ఎర్రబడుతోంది. కురమోచి ఉరుక్కుంటూ వచ్చాడు.

"ఏంటమ్మా ఇది! ఎవరిది తప్పు?"

ఆమె తోకుజి వైపు చూడనైనా చూడలేదు.

"గాలిదండీ."

చివరికి మంచితనంలో కూడా ఆమెదే పైచెయ్యి! తోకుజికి ముసుగులో ఊపిరాడలేదు.

"గాలికి మందు నా దగ్గరుంది," అన్నాడు కురమోచి. మనిషినొకణ్ని పంపి అరగంటలో కొత్త గిన్నెలు తెప్పించాడు. అయిదు గిన్నెలూ పలకలకు, పలకలు కర్రకు బంకతో అంటించి ఉన్నాయి. "తుఫానొచ్చినా రాలవు. రక్తం కారే మొహాన్ని జనానికెలా చూపిస్తాం? తోకుజీ, ఒంటిగంట ఆటకి నువ్వెక్కు. ముసుగు తీసెయ్. ఆవిడ మూడు వేల ఎనిమిది వందలూ నీకే. అంటించిన గిన్నెలకి పనితనంతో పనేముంది?"

మూడు రోజులుగా కుతకుతలాడిన కోరిక, వడ్డించిన విస్తరిలా ముందుకొచ్చింది. తోకుజి కర్ర అందుకుని గడ్డం మీద పెట్టుకున్నాడు. ఒక్క గిన్నె కూడా వణకలేదు. గిన్నెకూ గిన్నెకూ మధ్య ఉండే ఆ సన్నటి గలగల లేదు. దీనికి మినాయో అక్కర్లేదు. రేపు తనూ అక్కర్లేదు. కర్రను నిలబెట్టడానికి ఒక మేకు చాలు.

కర్ర దించి గోడకు ఆనించాడు. ముసుగు లాగేశాడు.

"నేనెక్కనండీ."

"ఏం, ఇంకా కావాలా?"

"తప్పు గాలిది కాదు. నాది. జెండాలు లేవడం చూశా. చెప్పలేదు."

కురమోచి నోరు తెరిచాడు. "చెప్పడమేంటి? నిన్ను మాట్లాడొద్దన్నాను కదా!"

"అన్నారండీ. మాట్లాడే మనిషి లేకపోతే ఈ ఆట లేదని నేనూ మీకు చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నా. నోరు లేకుండా ఆవిడ ఎక్కదు. ఆవిడ లేకుండా నేనెక్కను."

ఆవిడ ఎక్కదని అతను ఆమెను అడిగి చెప్పలేదు. ఆ సంగతి గుర్తొచ్చి మెట్టు దగ్గరకు వెళ్లాడు.

"చూశావా అన్నా?" అంది మినాయో.

"చూశా."

"ఎంత ముందు?"

"మూడు జెండాల ముందు."

ఆమె తల తిప్పుకుంది. గుడ్డను రెండో మడతకు మార్చి మళ్లీ అదుముకుంది. తోకుజి అదే మెట్టు మీద, జానెడు ఎడంగా కూర్చున్నాడు. ఆమె జరిగి చోటివ్వలేదు, లేచీ పోలేదు.

ఒంటిగంట అయింది. మైకులో సంగీతం మొదలైంది. "లేవండి, ఇద్దర్లో ఎవరో ఒకరు లేవండి!" అని కురమోచి అరుస్తున్నాడు. ఇద్దరూ లేవలేదు. అవతల ఎండలో, ఖాళీ వేదిక వైపు నాలుగు గంటల వరుస మొత్తం తలలు తిప్పి చూస్తోంది.