జాన్‌బాబు కళ్లూ, అమలమ్మ లెక్కా

అమలమ్మ తమ్ముడు జాన్‌బాబు బెజవాడ లోకోషెడ్డులో గూడ్సుబండి డ్రైవరు. నలభై రాకముందే అతనికి సందెవేళ చూపు తగ్గడం మొదలైంది. ఆ ఇంటికి ఆ జబ్బు కొత్త కాదు. వాళ్ల నాన్న అంతోని ఉయ్యూరు చెరుకుతోటల్లో పనిచేసేవాడు. మంచి వయసులోనే పొద్దు వాలితే గుమ్మం కనపడని స్థితికొచ్చాడు. పోయేనాటికి పట్టపగలూ అంతే అయింది. అందుకే తమ్ముడు ఒకరోజు వచ్చి మంచం అంచున కూర్చుని, సిగ్నలు దగ్గరికొచ్చేదాకా కంటికి ఆనటం లేదని చెప్పినప్పుడు అమలమ్మ మారు ప్రశ్న వెయ్యలేదు. షెడ్డులో ఎవరికీ చెప్పొద్దని బతిమాలాడు. ఇంజను మీంచి దింపేస్తే తనకి ఇంకో పని చేతకాదన్నాడు.

అమలమ్మ ఆడపిల్లల కాలేజీలో కెమిస్ట్రీ లెక్చరరు. పెళ్లి చేసుకోలేదు. మద్రాసులో వెంకటకృష్ణారావుగారనే ప్రొఫెసరు దగ్గర పరిశోధన చేస్తోంది. ఎంచుకున్న విషయం నాన్న కళ్లు చూసి ఎంచుకున్నదే. కంటి వెనక పొరలో వెలుగును పసిగట్టే ప్రొటీను ఒకటుంది. దాని కడుపులో, విటమిన్ ఎ నుంచి తయారైన చిన్న అణువు వంగి కూర్చుంటుంది. వెలుగు తగలగానే అది నిటారవుతుంది. ఆ కుదుపుకి ప్రొటీను కదిలి, చూపు మొదలవుతుంది. ఇదంతా ఏ మైక్రోస్కోపుకీ అందనంత వేగంగా జరిగిపోతుంది. కాబట్టి కంప్యూటరు మీద లెక్కకట్టి చూడాలి. కాలాన్ని చిన్న చిన్న ముక్కలు చేసుకుని, ఈ ముక్కలో అణువు ఎక్కడుంది, తర్వాతి ముక్కలో ఎటు జరుగుతుంది అని పట్టుకుంటూ పోవాలి.

సెలవులు రాగానే, కంప్యూటరుకి అందించడానికి లెక్కని చిల్లులుగా పొడిచిన కార్డుల పెట్టె ఒళ్లో పెట్టుకుని మద్రాసు రైలెక్కేది. ఆ కంప్యూటరు ముందు ఎందరో బారులు తీరేవాళ్లు, ఆమెకి దొరికే సమయం చాలా తక్కువ. అందుకని రెండు చోట్ల సర్దుకుంది. చుట్టూ ఉన్న ప్రొటీనును రాయిలా కదలకుండా బిగించేసింది. కాలపు ముక్కల్ని కాస్త పెద్దవి చేసింది. ఆ ప్రొటీను అసలు ఆకారం అప్పటికి ఎవరికీ తెలీదు, అదీ ఊహించి కట్టుకున్నదే. జబ్బు కంట్లో అది ఎలా చెడి ఉంటుందో ఊహించి, ఆ చెడిన ప్రొటీనునీ లెక్కలో పెట్టింది. అందులో కూడా అణువు చక్కగా నిటారైంది. అంటే లోపం ప్రొటీనులో లేదు, దానికందే విటమిన్‌లో ఉందని అమలమ్మకి తోచింది. ప్రొఫెసరుగారు సంతోషించి పేపరు రాయమన్నారు.

ఊరికి రాగానే తమ్ముడికి చెప్పింది. డాక్టరు చేత విటమిన్ మాత్రలు రాయించింది. జాన్‌బాబు వాటిని చర్చిలో దివ్యసత్ప్రసాదం అందుకున్నంత భక్తిగా మింగాడు. కొన్నాళ్లకి చూపు మెరుగైందన్నాడు, సాయంత్రం డ్యూటీలు ధైర్యంగా ఒప్పుకున్నాడు. అతని భార్య తెరేసమ్మ గుణదల కొండెక్కి మాతకి కొవ్వొత్తులు వెలిగించి వచ్చింది.

పేపరు పంపేముందు ఒకసారి సరిచూసుకుందామని అమలమ్మ మళ్లీ మద్రాసు వెళ్లి, కాలపు ముక్కల్ని సగానికి సగం చేసి, ఆ చెడిన ప్రొటీను లెక్కనే నడిపించింది. అణువు సగం లేచి అక్కడే ఇరుక్కుంది. కార్డు ఏదో తారుమారైందనుకుని మళ్లీ నడిపిస్తే అదే జవాబు. ఈసారి చుట్టూ ఉన్న ప్రొటీనుని కదలనిచ్చింది. అది లోపలికి కుంగి, అణువుని తిరిగి వంచేసింది. ఉయ్యూరు బస్సుని బయల్దేరిన చోటా దిగిన చోటా మాత్రమే చూసి, దారంతా సాఫీగా ఉందని చెప్పినట్టయింది తన పని. ఇన్నాళ్లూ జవాబు చెప్పింది కన్ను కాదు, తను ఎంచుకున్న పద్ధతి. లెక్క కాగితాలు పట్టుకుని ప్రొఫెసరుగారి గదికి వెళ్లింది.

ప్రొఫెసరుగారు కోప్పడలేదు. ఏ పద్ధతికైనా హద్దులుంటాయనీ, తాము ఏ పద్ధతిలో చేశారో పేపర్లో రాశారు కాబట్టి అందులో తప్పులేదనీ అన్నారు.

"పేపర్లో తప్పు లేకపోవచ్చు సార్," అంది అమలమ్మ. "ఆ జవాబు నమ్మి మా తమ్ముడు బండి నడుపుతున్నాడు."

రైలు దిగి తిన్నగా తమ్ముడి క్వార్టర్సుకి వెళ్లింది. పొద్దు వాలుతోంది. జాన్‌బాబు డ్యూటీకి తయారవుతున్నాడు. అతను అడక్కుండానే తెరేసమ్మ క్యారేజీ తెచ్చి అతని వేళ్ల మధ్య పెట్టింది. తర్వాత టోపీ, తర్వాత చెప్పులు, అన్నీ అలాగే అందించింది. చూపు ఎంత మెరుగైందో అమలమ్మకి అప్పుడర్థమైంది.

"ఆ లెక్క తప్పురా. మాత్రల వల్ల నీకు ఒరిగిందేమీ లేదు. బండెక్కొద్దు."

"కనపడుతోందని నేను చెబుతుంటే నీ లెక్కెందుకక్కా?" అని అతను గుమ్మం దాటాడు.

వెనకాలే వెళ్లి చెయ్యి పట్టుకుంది. విదిలించుకున్నాడు. ఆగమని దారిపొడుగునా ఏడుస్తూ బతిమాలింది. అతను వినలేదు. షెడ్డు చేరాక అమలమ్మ ఫోర్మన్ సంజీవరావుగారి గదిలోకి వెళ్లి, తమ్ముడి కళ్ల సంగతి మొత్తం చెప్పేసింది. ఆయన కాసేపు నమ్మలేదు. తర్వాత జాన్‌బాబుని బయట పట్టాల దగ్గర నిలబెట్టి, దూరంగా ఒక మనిషి చేత దీపం ఎత్తించి, ఏ రంగని అడిగాడు.

జాన్‌బాబు చాలాసేపు అటే చూశాడు.

"ఆకుపచ్చండీ," అన్నాడు.

అది ఎర్రది.

డాక్టర్లు అతన్ని బండి నడపడానికి పనికిరాడన్నారు. పార్శిల్ ఆఫీసులో చిన్న పనిలో వేశారు. జాన్‌బాబు అక్కతో మాట్లాడటం మానేశాడు. ఒక ఆదివారం చర్చిలో పూజ అయ్యాక తెరేసమ్మ ఎదురుపడి, "బండి ఆపించినందుకు కాదు వదినా, ముందు ఆశ పెట్టినందుకే ఆయన బాధ," అంది. అమలమ్మ ఆ పేపరు పంపనే లేదు. ప్రొఫెసరుగారు ఉత్తరాలు రాయడం తగ్గించారు. అయినా సెలవులొస్తే మద్రాసు వెళ్తూనే ఉంది, ముక్కలు ఇంకా చిన్నవి చేస్తూనే ఉంది.

మరుసటి ఎండాకాలం జాన్‌బాబు కాలేజీ గేటు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. ఎలా ఉన్నావని కూడా అడగలేదు.

"ఇప్పుడేమంటోంది నీ లెక్క?"

"ఒక్కో పద్ధతికి ఒక్కో రకంగా వస్తోందిరా. ఏది నిజమో నాకింకా తెలీదు."

"అయితే నయమయ్యే జబ్బే కావచ్చు."

అవుననమని అతని మొహమంతా అడుగుతోంది. కావచ్చనడానికి అమలమ్మ దగ్గర లెక్క లేదు, కాదనడానికీ లేదు.

"తెలీదురా," అంది మళ్లీ.

రోడ్డు దాటిస్తానని చెయ్యి చాచింది. అతను అందుకోలేదు. మిట్టమధ్యాహ్నపు ఎండలో కాలేజీ గోడని తడుముకుంటూ వెళ్లిపోయాడు.