హైమవతమ్మగారి మూడవ ఫిర్యాదు

వైశాఖమాసమున నొక యపరాహ్ణవేళ చండభానుడు నడిమింటిని దాటియు దన యాగ్రహమును రవ్వంతయు దగ్గించుకొనక కాకినాడ పురవీథులపై నిప్పులు చెరుగుచుండెను. సముద్రమునుండి రావలసిన గాలి యెచ్చటనో నిలిచిపోయెను. కరగిన తారు పాదరక్షల కంటుకొనుచుండ కొబ్బరిబొండముల బండివాడు బేరము వచ్చినను గొడుగునీడను విడుచుటకు విసుగుకొనుచుండ వీథికుక్కలు నాలుకలు వ్రేలవైచి మురుగుకాలువ గట్టున బడియుండ నట్టి యుడుకువేళ రామారావుపేటలోని యొక నాలుగంతస్తుల భవనపు మెట్లను సూరిబాబను మరమ్మతు పనివాడు బరువైన పనిముట్ల సంచిని భుజమున వైచుకొని యెక్కుచుండెను. ఆ భవనమున లిఫ్టు లేకపోలేదు. పనివారలు దాని నెక్కరాదని భవనసంఘమువా రంటించిన కాగితము మాత్రము దాని ప్రక్కగోడపై నుండెను. ఆ కాగితము క్రింద కార్యదర్శినిగా సంతకము చేసిన హైమవతమ్మగారి యింటికే సూరిబాబు పోవుచుండెను.

అతడు పదునాలుగేండ్లుగా బట్టలుతుకు యంత్రముల కంపెనీ సేవాకేంద్రమొకదానియందు బనిచేయుచుండెను. ఒకే యంత్రముపై నొకే లోపమునకు నలువది దినములలో మూడు ఫిర్యాదులు వచ్చెనేని యా పనివాని గుర్తింపుకార్డును లాగికొని యింటికి బంపుట యచ్చటి కట్టడి. హైమవతమ్మగారి యంత్రముపై నదివరకే రెండు వచ్చియుండెను. మూడవది యా యుదయమున వచ్చెను. అది మూడు పుటల యుత్తరము. అందు సూరిబాబునకు జేతకానివాడనియు నబద్ధములాడువాడనియు గంపెనీ పరువు దీయువాడనియు వరుసగా బిరుదులు ప్రసాదింపబడియుండెను. మేనేజరు దానిని వాని ముందు బడవైచి లోపము నీది కాదని యామె చేతివ్రాతతో సంతకముతో సాయంకాలములోపల దెమ్ము, తేలేకున్న గుర్తింపుకార్డును బల్లపై బెట్టి పొమ్మనెను. ఆ యిల్లాలిచేత నట్టి మాట వ్రాయించుటకన్న నామె గుమ్మముననే తల బాదుకొనుట సులువని సూరిబాబు పండ్లు నూరుకొనుచు మూడవ యంతస్తు చేరెను.

యంత్రపు జబ్బు చెప్పుటకు సులువైనదే. ఇక నీరు చాలునని దానికి దెలియుట లేదు. తొట్టి నిండినను నీరు పడుచునే యుండి పొరలి యంత్రమున్న వెనుకగదినుండి వంటయిల్లు దాటి ముందుగదిలోని పుస్తకముల బీరువా క్రిందికి బోవుచుండెను. తొట్టి యడుగునుండి సన్నని రబ్బరుగొట్ట మొకటి పైనున్న సెన్సారు దనుక పోవును. తొట్టిలో నీరు పెరిగినకొలది గొట్టములోని గాలి నొత్తును. ఆ యొత్తిడిని బట్టియే సెన్సారు నీటిని నిలుపును. మొదటితూరి సూరిబాబు సెన్సారును మార్చెను. యంత్ర మెనిమిది దినములు బుద్ధిగా నడచెను. రెండవతూరి నీటి వాల్వును మార్చెను. తొమ్మిది దినములు నడచెను. రెండుతూరులును గొట్టమును దగిలించుటకు ముందు దానిని నోట బెట్టుకొని యొక్కసారి గట్టిగా నూదెను. అగ్గిపుల్ల గీసినవాడు పిదప దాని నార్పివైచునట్లు ఆ పనివారలందరును దలపకయే చేయు పని యది. సబ్బుపొడి తప్ప మఱేమైన వేయుదురా యని యామెను సైతము రెండుతూరులు నడిగెను.

"చదువురానివాళ్లను అడుగు ఆ మాట" అని యామె రెండుతూరులును నొకే జవాబు చెప్పెను.

తలుపు తెరచుకొనెను. హైమవతమ్మగారు ముప్పదియొక్క యేండ్లు పురపాలక బాలికోన్నత పాఠశాలలో బ్రకృతిశాస్త్రమును బోధించి విశ్రాంతి గొన్న యుపాధ్యాయిని. అరువదియెనిమిదేండ్ల వయస్సునను వెన్ను వంగనీయదు. ఆమె కట్టు నేతచీరలు మడత నలగక ఫెళఫెళలాడుచు నామెకన్న ముందుగా నామె రాకను దెలుపుచుండును. ఆమె సూరిబాబును నఖశిఖపర్యంతము జూచి ముఖము ముడుచుకొనెను.

"మళ్లీ నువ్వేనా? పనొచ్చిన మనిషిని పంపమని రాశాను. నిన్ను పంపమని రాయలేదు."

"నేనేనండీ. ఈసారి మెషీను పడుకోబెట్టి అడుగు చూడాలండీ."

"వీల్లేదని రెండుసార్లు చెప్పాను. నిలబడి పనిచేసేదాన్ని నిలబెట్టే బాగుచెయ్యి."

మొదటి రెండుతూరులు నతడా యాజ్ఞను శిరసావహించి మంచివాడనిపించుకొనజూచెను. అందువలన నొరిగినది మూడు పుటల యుత్తరము. ఇప్పు డతనికి బోగొట్టుకొనుటకు మిగిలినది లేకుండెను గావున భయమును లేకుండెను.

"మూడు పేజీలు రాశారు గదండీ. నాలుగోది కూడా రాసుకోండి" అని యతడు వెనుకగదిలోనికి బోయి గోనెపట్టాను నేలపై బరచి యంత్రము నాలింగనము చేసికొని దానిపై నొరగబెట్టెను. హైమవతమ్మగారు గుమ్మపు కమ్మిని బట్టుకొని నిలువబడి చూచుచుండెను. పంకా మీట యామె చేతికందునంత దూరముననే యుండెను. ఆమె దానిని నొక్కలేదు. ఆతడు నొక్కుమని యడుగలేదు.

అడుగు రేకును విప్పుచుండగా దాని యంచు సూరిబాబు చూపుడువ్రేలిని గోసెను. అతడు నెత్తురును బాటింపక గొట్టము తొట్టిని గలియు చోటను స్క్రూడ్రైవరుతో గెలికెను. తెల్లని చిక్కని ముద్ద యొకటి యూడివచ్చి యతని చేతిలో బడెను. గొట్టపు నోరది పూర్తిగా మూసివైచియుండెను. లోపము దొరికెనని యతడు దానిని నేలపై నామెకు గనబడునట్లు పెట్టెను.

"సున్నం" అనెను హైమవతమ్మగారు. "మన కుళాయి నీళ్లకు పట్టే సున్నం. రెండుసార్లు వచ్చి కూడా అది కనిపెట్టలేని నిన్ను పట్టుకుని పనివాడంటారా? ఇదే రాస్తాను."

సూరిబాబు కుళాయివైపు చూచెను. ఆ నీటికి సున్నము పట్టుట నిజము. ఆ యింటి కుళాయిల మూతులకే తెల్లని పెచ్చులు కట్టియుండెను. ఇది సున్నమే యైనచో రెండుతూరులు దానిని జూడనేరని తప్పు తనదే యగును. కార్డు పోవును. ఆ క్షణమున నతడామెను మనసార ద్వేషించెను. ఆమె స్వరమును ఆమె చీర చప్పుడును ఆమె యింటి గోడలను సైతము ద్వేషించెను.

వ్రేలినుండి నెత్తురు చుక్కలుగా నేలబడుచుండుటచే నతడు సంచినుండి టింక్చరయొడిను సీసాను దీసి గాయముపై నొంపుకొనెను. గోధుమవన్నె మందు వ్రేలి పొడవున జాఱి వ్రేలి కంటియున్న యా తెల్లని పదార్థమును దాకినంతనే సిరాలో ముంచినట్లు వ్రేలెల్ల గాఢమైన నీలముగా మాఱెను. సూరిబాబు బెదరిపోయెను.

"మందు పాడైపోయినట్టుందండీ" అని గొణిగి యతడు తడిగుడ్డను దీసికొని వ్రేలిని దానితోబాటు నేలబడియున్న ముద్దను దుడిచివేయుటకు వంగెను.

ఆ గుడ్డ యొక్కమాఱు నేలపై దిరిగియుండినచో నంతయు ముగిసియుండెడిది. హైమవతమ్మగారు మఱి రెండు క్షణము లూరకుండిన జాలును. సూరిబాబు తలయెత్తి చూచునప్పటికి నామె దృష్టి యా నీలపు వ్రేలిపై నతుకుకొనిపోయెను. ఆమె గుమ్మమునుండి యొకయడుగు ముందునకు వైచి మరల వెనుకకు దీసెను. ఆమె దేనితోనో పెనగులాడుచున్నదని యతనికి దోచెను గాని దేనితోనో తెలియలేదు.

"తుడవకు!"

అరువదిమంది పిల్లల తరగతిని నిశ్శబ్దము చేయుట కలవాటుపడిన గొంతు అది. సూరిబాబు చేయి యున్నచోటనే నిలిచిపోయెను.

"మందు పాడైతే నీలంగా ఎందుకు మారుతుందయ్యా? ఏ బడిలో చదివావు నువ్వు? ఎవరు చెప్పారు నీకు పాఠం?"

"తెలీదండీ."

"తెలియకపోతే తెలియదను. నోటికొచ్చిన జవాబు చెప్పకు" అని యామె చరచర వంటయింటికి బోయి స్టీలు పళ్లెమును దెచ్చెను. అందొకప్రక్కన గుళాయి మూతినుండి చాకుతో గీకిన సున్నపు పెచ్చును ఒకప్రక్కన నాలుగన్నపు మెతుకులును నడుమ నా తెల్లని ముద్దను బెట్టి వాని యెదుటకు నెట్టెను. "ఒక్కదాని మీద పోస్తే పరీక్ష కాదు. పోల్చి చూడాలి. మూడింటి మీదా చుక్క వెయ్యి."

సూరిబాబు వేసెను. సున్నముపైని చుక్క గోధుమవన్నెగానే నిలిచెను. అన్నము నల్లనిదో నీలమో యనునట్లు మాఱెను. నడుమ ముద్ద యన్నమువలెనే మాఱెను.

"ఇప్పుడు చెప్పు. ఏది దేనితో సరిపోయింది?"

"అన్నంతోనండీ" అని యతడు పళ్లెమును చూచుచు నెమ్మదిగా ననెను. "మరి మెషీన్లోకి అన్నం ఎలా వచ్చిందండీ?"

హైమవతమ్మగారు కిటికీవైపు తిరిగెను. కదలినప్పు డామె చీర ఫెళఫెళమనెను. ఆ చప్పుడుతో సూరిబాబు తలయెత్తి యా చీరను మొదటిసారి నిజముగా జూచెను.

"గంజి" అని యామె కిటికీలోనుండి బయటికి జూచుచు బలికెను. "ఏడాదిగా మోకాళ్లు వంగడం లేదు. బకెట్టు ముందు కూర్చుని చీర ముంచలేను. ఆఖరి నీళ్లలో నేనే పోస్తున్నాను."

సూరిబాబునకు జాలి కలుగలేదు. అఱికాలి మంట నెత్తికెక్కెను. "రెండుసార్లు అడిగానండీ! ఇంకేమైనా వేస్తారా అని రెండుసార్లూ అడిగాను. రెండుసార్లూ నన్నే దులిపేశారు. నా కడుపు కొట్టబోయారండీ మీరు!"

"అడిగావు. నేను అబద్ధమాడాను" అని యామె యతనివైపు తిరిగెను. ఆ కన్నులలో బశ్చాత్తాపమున్నను శాంతము మాత్రము లేకుండెను. "మూడుసార్లు నా చీర చూశావు. గంజి పెడతారా అని ఒక్కసారి అడగలేకపోయావా? పోనీ, ముందు రెండుసార్లూ అది వారమేసి రోజులు ఎలా నడిచింది?"

"సామాను మార్చాను గదండీ... గొట్టం ఊదాను."

"ఒకేసారి రెండు పనులు చేస్తే ఏది పనిచేసిందో నీకెలా తెలుస్తుంది?"

ఆ ప్రశ్న సూరిబాబును జెంపపై గొట్టినట్లయ్యెను. సెన్సారు చెడలేదు. వాల్వు చెడలేదు. తాను నోటితో నూదిన గాలియే గంజిని గొంత తొలగించి యెనిమిది తొమ్మిది దినములేసి నడిపించెను. పదునాలుగేండ్ల పనివాడు తన యూపిరిని దా నెఱుగక క్రొత్త సామానును మెచ్చుకొనెను. అతడు గొట్టమును వేడినీటితో గడిగి బిగించి యంత్రమును నిలువబెట్టి నడిపించెను. నీరు తొట్టిలో సగమునకు వచ్చి తనంత దానే యాగెను. ఇరువురును దానిని జూచిరి గాని యొకరి ముఖము నొకరు చూడలేదు.

"ఇంక గంజి బకెట్లోనే పెట్టుకోవాలండీ" అని యతడు కంపెనీ కాగితము నామె ముందుంచెను.

"నాకు తెలుసు" అని యామె యెఱ్ఱసిరా కలమును దీసికొని నిలువబడియే రెండే మాటలు వ్రాసి సంతకము చేసి యిచ్చెను. సూరిబాబు చదివికొనెను. *లోపము నాది. ఆలస్యము ఇతనిది.*

మొదటి మాటతో కార్డు దక్కినది. రెండవ మాటకు నతని ముఖము జేవురించెను.

"ఆ రెండోది కొట్టెయ్యండి."

"అబద్ధమైతే చెప్పు. కొట్టేస్తాను."

సూరిబాబు కలము వంకయు నామె వంకయు మార్చి మార్చి చూచి కాగితమును మడచి చొక్కాజేబులో బెట్టుకొని సంచిని భుజమున వైచుకొనెను. ఆమె మంచినీళ్లిచ్చెదననలేదు. అతడు వచ్చెదననలేదు. తలుపు వాని వీపువెనుకనే ధడాలున మూసికొనెను.

అతడు లిఫ్టును దాని కాగితమును మండుచున్న కన్నులతో జూచి మెట్లదారి బట్టి యాఱు మెట్లు దిగెను. అంత మూసిన తలుపు వెనుకనుండి ప్లాస్టిక్కు బకెట్టును నేలపై నీడ్చుచున్న చప్పుడును తరువాత గోడను బట్టుకొని మెల్లమెల్లగా నేలపై గూలబడుచున్న యొక ముసలి మూలుగును వినవచ్చెను. సూరిబాబు నీలపు వ్రేలితో మెట్ల కమ్మిని బట్టుకొని యాగెను. అతని కోపము తగ్గలేదు. అతడు వెనుకకు బోలేదు. అయినను గంజినీట జీర తడియుచున్న చప్పుడు తనకు వినబడువరకు క్రింది మెట్టుపై నడుగు పెట్టలేదు.